వరసలో మిగిలిపోయిన క్లిక్కు

ఫోను మోగితే ఇప్పటికీ ముందు చెప్పులు ఎక్కడున్నాయా అని చూస్తాను. ఆ తరువాతే చెయ్యి ఫోను మీదికి పోతుంది. రిటైరయ్యాను, ఇప్పుడు నాకు ఫోను చేసేది గ్యాసు సిలిండరు తెచ్చేవాళ్ళు, లేకపోతే మా చెల్లెలు. అయినా సరే, ఎక్కడో ఎవరి స్క్రీనో ఆగిపోయిందని, దానికి నేనే జవాబు చెప్పాలని ఒక్క క్షణం అనిపించి తీరుతుంది.

చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో మా ఇల్లు. నారాయణగూడలో ఒక బట్టల షాపు పైన మా ఆఫీసు. నడిచి వెళ్ళి నడిచి వచ్చేదాన్ని. ఉద్యోగమంతా చేసింది ఒకటే పని: జనం కంప్యూటరు తెర మీద చూసే బటన్లు, పెట్టెలు, పట్టికలు తయారు చేసి, వాటిని నొక్కితే జరగాల్సింది జరిగేలా చూడటం. రక్తపరీక్షల ల్యాబులకు చేశాం, స్కూళ్ళకు చేశాం, చివరికి అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకు చేశాం. ప్రమోషన్ల గురించి రాయడానికి ఏమీ లేదు. ఉన్నదే ఆరుగురం, పైకి పంపాలంటే మేడ మీది వాటర్ ట్యాంకు దగ్గరికే పంపాలి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఏ భాష నేర్చుకోవాలి, ఏ టూలు పట్టుకోవాలి అని. నాకు తెలియదు. నేను నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటిగా మూలపడ్డాయి. మూలపడనిది ఒక్కటే ఉంది. మనిషి బటన్ నొక్కడానికీ, ప్రోగ్రాం ఆ నొక్కును వినడానికీ మధ్య కొంచెం జాగా ఉంటుంది. నా ఉద్యోగం ఆ జాగాలోనే గడిచింది, నా భయాలు కూడా అక్కడే పుట్టాయి. దాని గురించే చెబుతాను.

చీటీల డబ్బా

నా మొదటి బాస్ నర్సింగరావు గారు. తిట్టడంలో ఆయనకు ఆయనే సాటి, కాని తిట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి నేర్పేవారు. నేను చేసిన మొదటి ప్రోగ్రాం ల్యాబు వాళ్ళ దగ్గర పదే పదే ఆగిపోతుంటే, "మిషిన్ సచ్చిపోతున్నది సార్" అని చెప్పాను.

"సచ్చిపోలే. నువ్వు లైబ్రరీ పక్కన్నే ఉంటవు గద. అక్కడ పుస్తకం ఎట్ల అడుగుతవు?"

"చీటీ మీద రాసి డబ్బల ఏస్త."

"నీ ప్రోగ్రాం గా కౌంటర్ల కూసున్న మనిషి. ఒక్కడే ఉంటడు. మౌసు కదిలినా, బటన్ నొక్కినా, తెర మల్ల గీయమన్నా, అన్నీ చీటీలే. ఒక్క చీటీ తీస్తడు, ఆ పని చేస్తడు, మల్ల ఇంకోటి తీస్తడు. గంతే."

"మరి పుస్తకం కోసం లోపలికి పోయి రాకపోతే?"

"చీటీలు ఆగుతయా? పడుతనే ఉంటయి. గదే నువ్వు సచ్చిపోయిందంటున్నవు. కౌంటర్ల మనిషి లేడు, గంతే."

ఈ చీటీలనే మా వృత్తిలో మెసేజ్‌లంటారు. డబ్బాలోని వరసను క్యూ అంటారు. పుస్తకాల్లో ఇది ఒక అధ్యాయం పొడుగునా ఉంటుంది. నాకు మాత్రం ఆ నాలుగు మాటల్లోనే అర్థమైంది. మన ప్రోగ్రామే ఇంకో కౌంటరును ఏదైనా అడగాల్సి వస్తే, చీటీ వేసి మన దారిన మనం పోవడం ఒక పద్ధతి, చీటీ చేతికిచ్చి జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడటం ఇంకో పద్ధతి. కొత్తవాళ్ళకు రెండోదంటేనే ఇష్టం, ఎందుకంటే జవాబు వెంటనే చేతిలో ఉంటుంది. కాని నిలబడినంతసేపూ మన కౌంటరు ఖాళీగా ఉంటుందని, బయట జనం చీటీలు వేస్తూనే ఉంటారని వాళ్ళకు తట్టదు.

ఇంకొక్క విషయం చెప్పి ముందుకు పోతాను. మౌసు నొక్కితే పడే చీటీ మీద ఏ బటన్ నొక్కారో రాసి ఉండదు. తెర మీద ఏ చోట నొక్కారో మాత్రమే ఉంటుంది. కౌంటరు మనిషి తిరిగి వచ్చి ఆ చీటీ తీసే వేళకు ఆ చోట ఏ బటన్ ఉంటే, ఆ నొక్కు దానికే చెందుతుంది. మీరు నొక్కినప్పుడు అక్కడ ఏముందో ఎవరికీ అక్కర్లేదు. దీన్ని నేను ఎన్నో ఏళ్ళు పరీక్షల కోసం చదువుకున్న పద్యంలా గుర్తుపెట్టుకున్నాను. దాని అర్థం మాత్రం ఉద్యోగం చివర్లో తెలిసింది.

రెండుసార్లు ఎవడు నొక్కుతడు

నర్సింగరావు గారి తరువాత ఆఫీసు రాజేశ్వర్ చేతికి వచ్చింది. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. మంచివాడే, కాని ఎప్పుడూ తొందర. నాకేమో ఎప్పుడూ భయం. ఇంట్లో గ్యాసు కట్టేశానో లేదో చూడటానికి సందు చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషిని. అనుమానం పెనుభూతం అని మా అమ్మ తిడుతూ ఉండేది. నా అభిప్రాయం అడిగితే, ఈ వృత్తిలో ఆ భూతం కొంచెం ఉండటమే మంచిది. అది లేనివాళ్ళు చేసిన ప్రోగ్రాములను సరిచేయడానికే నా సగం ఉద్యోగం సరిపోయింది.

అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు వాళ్ళు మాకు పని ఇచ్చారు. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల్లో కొంతమందికి ఉచితంగా సీటు ఇస్తారు. కోచింగు, హాస్టలు, తిండి అన్నీ అందులోనే. ఆ సీట్ల కోసం ఒక ప్రవేశ పరీక్ష. దాన్ని కంప్యూటరు మీద పెట్టాలని వాళ్ళ కోరిక. తెర మీద ప్రశ్న, నాలుగు జవాబులు, కింద కుడి పక్కన 'సేవ్' బటన్. జవాబు ఎంచుకోకుండా సేవ్ నొక్కితే ఏమీ కాదు. ప్రశ్న వదిలేయడానికి, వదిలేసినదానికి తిరిగి రావడానికి వేరే బటన్లు. ఆఖరి ప్రశ్న సేవ్ అయ్యాక మాత్రం, అదే చోట సేవ్ పోయి 'ముగించు' వస్తుంది.

ముగించే ముందు 'నిజంగా ముగించాలా' అని ఒక పెట్టె చూపిద్దామని నేనన్నాను. సెంటరు డైరెక్టరు గారు వద్దన్నారు, ఆ పెట్టెలు చూస్తే పిల్లలు గాబరా పడతారట. అప్పుడు రాజేశ్వర్‌కు ఒక ఉపాయం తోచింది. ముగించు ఒకసారి నొక్కితే బటన్ ఎర్రగా మారుతుంది, రెండోసారి నొక్కితేనే పరీక్ష ముగిసి 'ధన్యవాదములు' అని వస్తుంది.

"పొరపాటున ఎవడన్న ఒక్కసారి నొక్కుతడు అక్కా. రెండుసార్లు ఎవడు నొక్కుతడు?" అన్నాడు.

"ఆ బటన్ వేరే దిక్కు పెట్టరాదు?" అన్నాను.

"అట్ల పెడితే తెర వంకరగ కనబడ్తది. ఎందుకు పరేషాన్ అయితవు?"

ఎందుకో నాకూ తెలియదు. మనసులో ముల్లులా ఏదో గుచ్చుకుంది, కాని వాదించడానికి చేతిలో కారణం ఉండాలి కదా. సేవ్ నొక్కాక, అందరి సమాధానాలూ దాచే సర్వర్ నుంచి జవాబు వచ్చేదాకా ప్రోగ్రాం ఆగి ఉండేది. ఆ కాసేపూ ఎవరూ మళ్ళీ నొక్కకుండా సేవ్ బటన్‌ను పనిచేయకుండా చేసి, జవాబు వచ్చాక మళ్ళీ పనిలో పెట్టేవాళ్ళం. అందరూ చేసేది అదే, పుస్తకాలు చెప్పేదీ అదే. ఇక రక్షణకేం లోటు అనుకున్నాం. కౌంటరు మనిషి లోపలికి పోతూ 'మూసి ఉంది' అని పలక తగిలించినట్టన్నమాట. పలక తగిలించాడు సరే, చీటీల డబ్బా మాత్రం బయటే ఉందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ధన్యవాదములు

పరీక్ష ఒక ఆదివారం పొద్దున. మధ్యాహ్నం నేను ఇంట్లో బీరకాయ తరుగుతుంటే ఫోను మోగింది. రాజేశ్వర్ ముషీరాబాద్‌లో ఎవరిదో పెళ్ళిలో ఉన్నాడు. వెనక బ్యాండు మోత.

"అక్కా, జర అశోక్‌నగర్ పోయి రావా? ఒక పిల్ల లొల్లి చేస్తున్నదంట. తనే పరీక్ష ముగించుకొని, మిషిన్ ముగించింది అంటున్నదంట. నేను భోజనాలు కాంగనే వస్త."

బీరకాయ అట్లాగే వదిలేసి బయలుదేరాను. పుస్తకాల దుకాణాలు, జిరాక్సు షాపులు, కిరాయి గదుల బోర్డులు దాటుకుంటూ పోతుంటే, ఆ పిల్ల మాట అబద్ధమే అయితే బాగుండునని మనసులో అనుకున్నాను. ఉన్నమాట రాస్తున్నాను. ఆమె చెప్పేది అబద్ధమైతే ఒక్క పిల్లకు బుద్ధి చెప్పి ఇంటికి రావచ్చు. నిజమైతే ఏమవుతుందో ఊహించడం ఇష్టంలేక అడుగుల వేగం పెంచాను.

డైరెక్టరు గారి గదిలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. పేరు మమత. సిద్దిపేట దిక్కు ఒక ఊరి నుంచి వచ్చి ఇక్కడ ఒక ప్రైవేటు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. లైబ్రరీ ఆవరణలో ఎన్నోసార్లు చూసిన ముఖమే. లొల్లి ఏమీ చేయడం లేదు, ఏడవడం లేదు. గోడకు ఆనకుండా నిటారుగా నిలబడి ఉంది.

"మీ సాఫ్ట్‌వేరే చెప్తున్నది మేడం" అన్నారు డైరెక్టరు గారు. "ముగించు రెండుసార్లు నొక్కింది. సగం ప్రశ్నలు అట్లనే ఉన్నయి. టెన్షన్ల నొక్కి ఉంటది. సాయంత్రం అయిదు గంటలకు సీట్లు వచ్చినోళ్ళ పేర్లు బోర్డు మీద పెట్టాలె. ఒక్కదానికోసం నేనేం చెయ్యాలె?"

"ఏమైందో నువ్వు చెప్పమ్మా" అన్నాను.

"నేను ముగించు నొక్కలే మేడం. ఆఖరి ప్రశ్నకు సేవ్ నొక్కిన. జర సేపు ఆగింది. చూసేవరకు ధన్యవాదములు అని వచ్చింది."

"మరి సగం ప్రశ్నలు ఎందుకు వదిలిపెట్టినవు?"

"మొదటి రౌండుల వచ్చినయి పెట్టుకుంటం మేడం. రెండో రౌండుల కష్టమైనయి చూస్తం. ఇక్కడ అందరు గట్లనే రాస్తరు. ఇంకా మస్తు టైం ఉండె."

అది నిజమే. అశోక్‌నగర్‌లో ఏ సెంటర్లో అడిగినా ముందు ఇదే నేర్పుతారు. డైరెక్టరు గారు కూడా తల పక్కకు తిప్పుకున్నారు.

"సీటు రాకపోతే ఏం చేస్తవు?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"పోవుడే మేడం. ఇదే ఆఖరుసారి అని మా అన్న చెప్పిండు. రేపు వచ్చి తీస్కపోతడు. నాకు సీటు రాకుంటే రాకపాయె. కాని నేను రాయనే లేదు గద. రాయకుండ ఎట్ల పోవాలె?"

గోడ గడియారం వైపు చూశాను. అయిదు గంటలకు ఇంకా వ్యవధి ఉంది, ఎక్కువ లేదు.

ఆగీ ఆగనట్టు ఆగితే

పరీక్ష గదిలోకి వెళ్ళి ఒక కంప్యూటరు ముందు కూర్చున్నాను. పొద్దున అంతమంది ఒకేసారి సేవ్ చేస్తుంటే సర్వర్ జవాబు మధ్యమధ్య ఆలస్యమై ఉంటుంది, అంతవరకు ఊహించగలను. ఆ ఆలస్యం తెప్పించడానికి నెట్‌వర్కు తీగ ఊడదీసి, ఆఖరి ప్రశ్నకు సేవ్ నొక్కి, తెర పూర్తిగా ఆగిపోయేదాకా చూసి, టకటకా నొక్కి, తీగ మళ్ళీ పెట్టాను. ఏమీ కాలేదు. ముగించు బటన్ ముద్దుగా వచ్చి కూర్చుంది, పరీక్ష ముగియలేదు.

మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. డైరెక్టరు గారు నా వెనక నిలబడి గడియారం చూస్తున్నారు. మమత కిటికీ దగ్గర నిలబడి నన్ను చూస్తోంది. నేను పొరపాటు పడితే ఆ పిల్ల అబద్ధాలకోరు అవుతుంది, రేపు వాళ్ళన్న వస్తాడు.

"మేడం, ఇంకెంతసేపు?" అన్నారు డైరెక్టరు గారు.

నాకు ఇంకేమీ తోచక మమతను పిలిచాను. "నువ్వు కూర్చో. పొద్దున ఎట్ల చేసినవో గట్లనే చెయ్యి. నేను చూస్త."

ఆమె కూర్చుంది. ప్రశ్న చదివింది. జవాబు మీద నొక్కింది, ఆ వెంటనే అదే జవాబు మీద మళ్ళీ నొక్కింది. సేవ్ నొక్కింది, మళ్ళీ నొక్కింది. తరువాతి ప్రశ్న వచ్చింది. అక్కడా అంతే.

"ప్రతిదీ రెండుసార్లు ఎందుకు నొక్కుతున్నవమ్మా?"

ఆమె తన చేతి వైపు చూసుకుంది. నేను చెప్పేదాకా ఆమెకూ తెలియదు.

"అలవాటు మేడం. ఓఎంఆర్ షీటుల బబుల్ దిద్దినంక మల్లొక్కసారి దిద్దుతం. లేకపోతే మిషిన్ పట్టదంటరు. మా రూముల అందరం గట్లనే."

ఏళ్ళ తరబడి కాగితం మీద నల్ల గుండ్రాలు దిద్ది దిద్ది తెచ్చుకున్న అలవాటు అది. మౌసు పట్టినా చెయ్యి దాన్ని మరవలేదు. జవాబు లేకుండా సేవ్ నొక్కితే ఏమీ కాదు కాబట్టి, ఆ రెండో నొక్కు ప్రశ్న తరువాత ప్రశ్నకు ఎవరికీ తెలియకుండా మాయమవుతూ వచ్చింది. రెండుసార్లు ఎవడు నొక్కుతడు అన్నాడు రాజేశ్వర్. అశోక్‌నగర్‌లో అందరూ నొక్కుతారు.

అప్పుడు నేను చేసిన ప్రయత్నంలో లోపం కూడా అర్థమైంది. తెర చాలాసేపు ఆగితే విండోస్ దాని మీద పాలిపోయిన ముసుగు ఒకటి కప్పుతుంది. ఆ ముసుగు మీద నొక్కినవి మన డబ్బాలో పడవు. నేను భయంతో మరీ ఎక్కువసేపు ఆగాను. ముసుగు పడకముందు, ఆగిందో లేదో తెలియనట్టు ఆగే ఆ చిన్న వ్యవధి ఉంది చూశారూ, ప్రమాదమంతా అందులోనే.

"ఆఖరి ప్రశ్నకు పో" అన్నాను. ఆమె జవాబు పెట్టింది. నేను తీగ ఊడదీశాను. ఆమె సేవ్ రెండుసార్లు నొక్కింది. తెర కదల్లేదు. నొక్కు పడిందో లేదో అని ఆమె ఇంకో రెండుసార్లు నొక్కింది. నేను వెంటనే తీగ పెట్టాను.

ధన్యవాదములు.

మొదటి నొక్కుకు సేవ్ పని మొదలైంది. తక్కినవి డబ్బాలో ఆగాయి. సర్వర్ జవాబు రాగానే పలక తీశాం, సేవ్ ఉన్న చోట ముగించు వచ్చింది, ఆ తరువాత కౌంటరు మనిషి మిగిలిన చీటీలు తీశాడు. ఒకటి దాన్ని ఎర్రగా చేసింది, ఇంకొకటి పరీక్ష ముగించింది. ఆ ఎరుపు మా ఎవరి కంటికీ ఆనలేదు.

డైరెక్టరు గారు తెర మీదికి వంగారు. "మల్లొకసారి చెయ్యండ్రి" అన్నారు. చేశాం. మళ్ళీ ధన్యవాదములు. మమత మౌసు మీంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. నాకు సంతోషం కలగాలి కదా, కలగలేదు. భయం ఇంకో మెట్టు పైకెక్కింది.

మెట్ల దగ్గర

రాజేశ్వర్ పెళ్ళి బట్టల్లోనే వచ్చాడు. విన్నాడు. ముఖం మాడిపోయింది. నన్ను మెట్ల దగ్గరికి తీసుకుపోయాడు.

"అక్కా, ఆ పిల్లకు మల్ల పరీక్ష పెట్టిద్దాం. సార్‌తోని నేను మాట్లాడ్త. కాని సాఫ్ట్‌వేర్ల తప్పున్నదని పెద్దగ అనకు. ఈ ఒక్క సెంటరు కాదు, ఉన్న సెంటర్లన్నీ పోతయి. ఆఫీసుల అందరి ఇండ్లు నడవాలె గద."

అతను చెడ్డవాడని రాస్తే తప్పు రాసినట్టే. అతను చెప్పిన ఇళ్ళలో నాదీ ఒకటి.

"మమత వచ్చి అడిగింది కాబట్టి మనకు తెలిసింది" అన్నాను. "అడగనోళ్ళు ఎంతమంది ఉన్నరో?"

"వాళ్ళకు గట్లయితే అడుగుతుండ్రి గద. అడగలేదంటే కాలేదనే గద అక్కా."

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఈ మాటను బాగా గుర్తుపెట్టుకోండి. మా వృత్తిలో ఇంతకంటే పెద్ద అబద్ధం లేదు. తెర మీద ఏదైనా తప్పు జరిగితే, జనం ముందు తమనే అనుమానించుకుంటారు. నా చెయ్యే జారింది, నాకే రాదు, నాదే ఖర్మ అనుకుని లేచిపోతారు. ఫిర్యాదు రాలేదని నిశ్చింతగా ఉన్న ప్రోగ్రామరును చూస్తే నాకు భయం.

కింద ఆవరణలో పిల్లలు ఫలితాల కోసం కూర్చుని ఉన్నారు. కొందరు టీ తాగుతున్నారు, కొందరు విద్యానగర్, ముషీరాబాద్ గదులకు వెళ్ళిపోయారు కూడా. నేను ఎవరినీ అడగకుండా మెట్లు దిగి వాళ్ళ ముందు నిలబడ్డాను.

"సేవ్ నొక్కితే పరీక్ష ముగిసిపోయినోళ్ళు ఎవరన్న ఉన్నరా?" అని అడిగాను.

ఒక్క చెయ్యీ లేవలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక మెట్ల మీద రాజేశ్వర్ ఊపిరి వదలడం వినిపించింది. నా ఊపిరి కూడా సగం వదిలాను. లేరేమో, ఈ ఒక్క పిల్లకే అయిందేమో అనుకున్నాను.

మమత వచ్చి నా పక్కన నిలబడింది. "నాకైంది" అంది వాళ్ళతో. "ఓఎంఆర్ తీరుగ రెండుసార్లు నొక్కిన. జర ఆగింది. మల్ల నొక్కిన. ముగిసిపోయింది. నేను కావాలని చెయ్యలే."

వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. తరువాత గోడ పక్కన ఇంకొకటి. టీ గ్లాసు కింద పెట్టి ఒకతను చెయ్యెత్తాడు.

"నాది అట్లనే అయింది అక్కా" అన్నాడు. "నేనే పొరపాటున నొక్కిన్ననుకున్న. అడిగితే నవ్వుతరని అడగలే."

నేను చేతులు లెక్కపెట్టలేదు. తిరిగి చూస్తే రాజేశ్వర్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, పట్టు చొక్కా దుమ్ములో. కాసేపటికి లేచాడు. పైకి వెళ్ళి, డైరెక్టరు గారి ముందు నిలబడి, "సార్, తప్పు వాళ్ళది కాదు, మాదే" అన్నాడు. ఈ వృత్తిలో నేను చూసిన బాస్‌లలో అలా చెప్పగలిగినవాళ్ళు తక్కువ.

అయిదు గంటలకు బోర్డు మీద పేర్లు పెట్టలేదు. అందరికీ మళ్ళీ పరీక్ష అని రాసి పెట్టారు, ఈసారి కాగితం మీద. ఆ సెంటరు పని మాకు పోయింది, దాని వెనకే మరికొన్ని పోయాయి. రాజేశ్వర్ కొంతకాలం నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఒకరోజు టీ తాగుతూ ఉన్నట్టుండి, "అక్కా, ఆ పిల్ల ఏమైంది?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే అప్పటికి తెలియదు.

సరిచేసింది ఏమిటంటే

ఉపాయం పెద్దదేమీ కాదు. సేవ్ చేసే పనిని వేరే చేతికి అప్పగించాం, కౌంటరు మనిషి కుర్చీ వదలకుండా. పని నడుస్తున్నప్పుడు పడ్డ నొక్కులు ఆ కాసేపట్లోనే, పనిచేయని బటన్ మీదే పడి పోతాయి, తరువాతి బటన్ దాకా రావు. ముగించు బటన్‌ను సేవ్‌కు ఎడంగా, ఎడమ చివరికి మార్చాం. తెర కొంచెం వంకరగానే కనిపించింది.

అంతకంటే ముఖ్యమైనది కోడులో లేదు. మన ప్రోగ్రామును మనమే పరీక్షిస్తే మన వేళ్ళు మనం కోరినట్టే నొక్కుతాయి. ఎవరి కోసం చేస్తున్నామో వాళ్ళను కూర్చోబెట్టి, నోరు మూసుకుని వాళ్ళ చేతులు చూడండి. పరీక్షకు ముందు ఒక్క పూట ఆ పని చేసి ఉంటే ఆ ఆదివారమే ఉండేది కాదు.

మళ్ళీ పరీక్ష అని చెప్పడానికి ఆ రోజు రాసినవాళ్ళందరికీ ఫోన్లు చేశారు. కొన్ని ఫోన్లు కలవలేదు. వాళ్ళలో ఎవరైనా ధన్యవాదములు చూసి, తలవంచుకుని బస్సెక్కి ఊరికి పోయారా అని నాకు ఇప్పటికీ దిగులు. ఏటీఎం ముందు ఎవరైనా ఆగిన తెర మీద పదే పదే నొక్కుతుంటే వద్దమ్మా అని చెప్పబోయి ఊరుకుంటాను. ఈ ఒక్కదానికి నా దగ్గర మందు లేదు.

లైబ్రరీ ఆవరణలో

రిటైరయ్యాక ఒక పొద్దున లైబ్రరీకి పేపరు చదవడానికి పోతే, ఆవరణలో అరుగు మీద మమత కూర్చుని ఉంది. ఒళ్ళో అట్ట, అట్ట మీద నమూనా ఓఎంఆర్ షీటు. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమని నేనూ పక్కన కూర్చున్నాను. అడగడానికి భయమేసింది. ఆమే చెప్పింది.

"సీటు రాలే మేడం."

అంత చేసి చివరికి ఇంతేనా అనిపించింది.

"కొంచెంల పోయింది. లెక్కలల్ల గడబిడ చేసిన. అన్న తీస్కపోనీకి వచ్చిండు. బస్టాండుల కూసొని మొత్తం చెప్పిన, ఏ ప్రశ్న ఎందుకు తప్పు చేసిన్నో. అయితే నువ్వు రాసే పోగొట్టుకున్నవు గద, మల్ల రాయి అన్నడు. వచ్చిన బస్సుకే వాపస్ పోయిండు."

"నీకు బాధ కాలేదా?"

"అయింది మేడం. కాని మొదటిసారి అయింది వేరే. అప్పుడు ఏం సదువుకోవాల్నో కూడ తెల్వకపోతుండె. ఇప్పుడు తెలుసు, లెక్కలు సదువుకోవాలె."

నవ్వి, తల వంచుకుని మళ్ళీ షీటు మీదికి పోయింది. ఒక గుండ్రం నల్లగా దిద్దింది. పెన్ను ఎత్తింది, ఆగింది, అదే గుండ్రాన్ని మళ్ళీ దిద్దింది.

ఈ అలవాటు మానుకోమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. మార్చుకోవాల్సింది మేము, మార్చుకున్నాం కూడా. ఆమె చెయ్యి ఆమె ఇష్టం. పేపరు తీసుకుని ఆమె పక్కనే కూర్చుని చదువుకున్నాను.